భూమి చూడని నీరు

అలకపాన్పు మీద కూర్చున్న అల్లుడు వాచీ అడుగుతాడు, సైకిలు అడుగుతాడు, మరీ ఆశపోతైతే మోటారుసైకిలు అడుగుతాడు. గోపాలరావు చెంబు కిటుకు అడిగాడు.

“నాకేటీ వొద్దు. మా బావ సన్నాసిరావు ఆ సెంబులోకి నీరెలగ తెత్తన్నాడో సెప్పీమనండి, లేత్తాను,” అని మఠం వేసుకుని కూర్చున్నాడు.

పెళ్లికొచ్చినవాళ్లంతా నవ్వారు. పెళ్లికూతురు దమయంతి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె అన్న సన్యాసిరావు మాత్రం నవ్వలేదు. తన చేతి వాచీ విప్పి బావ చేతికి కట్టాడు. “ఇది తీసుకుని లే బావా. అదొక్కటీ అడక్కు,” అన్నాడు.

గోపాలరావు లేచాడు గానీ అడగడం మానలేదు. సన్యాసిరావు ఎక్కడ గారడీ ఆట ఆడినా ముందు వరసలో ఉండేవాడు. జనమంతా చెంబులోంచి పడే నీళ్లను చూస్తే, ఇతను చెంబు పట్టుకున్న చేతిని చూసేవాడు. ఒకసారి ఆట మొదలవకముందే బల్ల కింద దూరి పడుకున్నాడు. సన్యాసిరావు ఏమీ అనకుండా ఆ పూట నీళ్లన్నీ బల్ల కిందికే ఒలకబోశాడు.

సన్యాసిరావుది మందస అవతల, సముద్రం వైపు ఊరు. కొబ్బరితోట, కాస్త జీడితోట. తిత్లీ తుపానుకి కొబ్బరిచెట్లు కూలిపోయాక తోటలో పని తగ్గి గారడీ పెరిగింది. బళ్లలో, గ్రామదేవత సంబరాల్లో, పెళ్లిళ్లలో ఆడేవాడు. తాడు కోసి అతికించేవాడు, ఖాళీ రుమాల్లోంచి కోడిగుడ్డు తీసేవాడు. కానీ జనం అడిగేది చెంబునే. ఇత్తడి చెంబు. నీళ్లన్నీ ఒలకబోసి, బోర్లించి చూపిస్తాడు. చుక్క రాలదు. కింద పెడతాడు. ఇంకో ఆట ఆడి, మళ్లీ చెంబు వంచితే నీళ్లు. మళ్లీ బోర్లిస్తే ఖాళీ. మళ్లీ వంచితే నీళ్లు.

ఆ చెంబు అతనికి ఎల్లాజీ ఇచ్చాడు. ఎల్లాజీ కోటబొమ్మాళి సంతలో పళ్లపొడి అమ్మేవాడు. జనాన్ని పోగుచెయ్యడానికి ముందు చెంబు ఆడించి, వాళ్లు నోళ్లు తెరిచాక ఆ నోళ్లలోకి పళ్లపొడి అమ్మేవాడు. ఆఖరి రోజుల్లో చెంబు సన్యాసిరావు చేతిలో పెట్టి ఒక మాట చెప్పాడు.

“కిటుకు సెప్పినోడికి పోయేదేటీ నేదురా. ఇన్నోడికే పోద్ది. అప్పట్నుంచి ఆడికి సెంబంటే ఒట్టి సెంబే. ఎవులికీ అంత అన్నేయం సెయ్యకు.”

సన్యాసిరావు ఆ మాట తప్పలేదు. పెళ్లాం దేవికి కూడా చెప్పలేదు. ఇంట్లో ఇత్తడంతా ఆమె చింతపండుతో తోముతుంది, ఆ ఒక్క చెంబూ అతనే తోముకుంటాడు. “మొగోడు అంటు తోమే కొంప ఊరంతకీ మాదొక్కటే,” అని ఆమె నూతి దగ్గర అందరికీ చెప్పుకునేది.

గోపాలరావు సన్యాసిరావు ఊళ్లోనే కాపురముండి, కాశీబుగ్గలో జీడిపప్పు కార్ఖానాలో పనిచేసేవాడు. పప్పు ముక్క నోట్లో వేసుకుని ఏ ఊరి తోటదో చెప్పేవాడు. మనిషికి వేళాకోళాలంటే సరదా. నవ్విస్తాడు, ఏడిపిస్తాడు. అలాంటివాడికి కిడ్నీ దెబ్బతింది. ఉద్దానంలో ఆ మాట చెప్పడానికి ఎవరూ గొంతు తగ్గించరు. కిడ్నీ అంటే చాలు, విన్నవాళ్లు తరవాతి మాట అడగరు. రోజు విడిచి రోజు పలాస వెళ్లి రక్తం శుద్ధిచేసే మిషను పక్కన పడుకోవడం మొదలైంది.

సూదులకు అతను భయపడలేదు. దాహానికి లొంగిపోయాడు. ఒంట్లోంచి నీరు బయటికి పోయే దారి లేదు కాబట్టి లోపలికి కొలిచే పంపాలని డాక్టరు చెప్పాడు. దమయంతి ఒక ప్లాస్టిక్ సీసా తీసుకుని డాక్టరు చెప్పిన కొలత దగ్గర గోళ్లరంగుతో ఎర్రటి గీత గీసింది. పొద్దున ఆ గీత దాకా నీళ్లు పోస్తుంది. రోజుకి అంతే. మందులకూ అందులోంచే. గోపాలరావు నిమ్మతొక్క నమిలేవాడు. నోరు పుక్కిలిస్తుంటే దమయంతి ఎదురుగా నిలబడి, ఉమ్మిన నీళ్లు పుచ్చుకున్న నీళ్లంత ఉన్నాయో లేదో చూసేది.

ఆ ఏడు ఊళ్లో సంబరానికి సన్యాసిరావు ఆట పెట్టారు. చెంబు ఆడించేటప్పుడు ఎల్లాజీ నేర్పిన పాత మాటలు వదిలి తన సొంత మాటలు కట్టాడు. ఈ ప్రాంతంలో ఎవరికి జబ్బు చేసినా వేలు నీటి వైపే పోతుంది. నూతి నీరంటారు, బోరు నీరంటారు. సీసాల్లో పట్టుకెళ్లి పరీక్ష చేసినవాళ్లు చాలామంది. ఇదీ సంగతి అని తేల్చి చెప్పినవాళ్లు లేరు. అందుకని సన్యాసిరావు చెంబు ఎత్తి పట్టుకుని అరిచాడు.

“ఇది నుయ్యి సూసిన నీరా?”

“కాదు!” అని జనం.

“బోరు సూసిన నీరా?”

“కాదు!”

“టాంకరు సూసిందా? కుళాయి సూసిందా?”

“నేదు, నేదు!”

“ఇది బూమినే సూడని నీరు! గంగమ్మ నెత్తి మీంచి తిన్నగా నా సెంబులోకి దిగిన నీరు!”

ఈలలు పడ్డాయి. ముందు వరసలో గోపాలరావు చెయ్యి చూస్తున్నాడు. పక్కన దమయంతి నీళ్లు చూస్తోంది. ఆమె ఈల వెయ్యలేదు, చప్పట్లు కొట్టలేదు. ఆ చూపు సన్యాసిరావు చూశాడు గానీ, జనం అరుపుల్లో దాన్ని పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున్నే దమయంతి మరచెంబు పట్టుకుని వచ్చింది. “అన్నియ్యా, నీ సెంబులో నీరు కొంచెం పొయ్యవా?” అంది.

“ఏటికే?”

“ఎట్టుకుంతాను.”

దేవుడి గూట్లో పెట్టుకుంటుంది కాబోలు అనుకున్నాడు. చెల్లెలు తన ఆటను అంత గొప్పగా చూసుకోవడం అతనికి ముచ్చటేసింది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుని, చెంబు నింపి, బయటికొచ్చి ఆమె ఒక్కదాని కోసం ఆట ఆడాడు. నిన్నటి మాటలన్నీ మళ్లీ చెప్పాడు. దమయంతి మరచెంబు మూత బిగించి కళ్లకద్దుకుని వెళ్లింది.

తరవాత రోజూ వచ్చేది. ముఖం తేటపడింది. వచ్చినప్పుడు ఊరికే రాదు, ఒకరోజు పనసపొట్టు కూర, ఒకరోజు మునగాకు వేపుడు. “మీ సెల్లెలికేటో మంచి రోజులొచ్చినట్టున్నాయి. నడకలో కూడా పాటొత్తంది,” అంది దేవి. సన్యాసిరావు తలూపాడు. కూర బాగుంది.

ఒకనాడు పొద్దున ఫోను మోగింది. “అన్నియ్యా, బేగి రా,” అని దమయంతి పెట్టేసింది.

గోపాలరావు మంచం మీద కూర్చుని ముందుకు వంగి ఊపిరి తీస్తున్నాడు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదట. సన్యాసిరావు అతని పాదం మీద వేలు నొక్కాడు. గుంట పడి అలాగే ఉండిపోయింది. ఆటో పిలిచి పలాస తీసుకెళ్లారు. దారంతా గోపాలరావు తల బావ భుజం మీదే ఉంది. జోకు ఒక్కటి వెయ్యలేదు. సన్యాసిరావుకి అన్నిటికంటే అదే భయమేసింది.

మిషన్ల గదిలో సిస్టరు బరువు తూచి గట్టిగా తిట్టింది. “ఒక్కరోజులో ఇంత బరువేటి? ఒంటినిండా నీరే! ఊపిరితిత్తుల్లోకి కూడా పోతంది. ఇలగే తాగితే ఒకరోజు ఇక్కడిదాకా కూడా రాలేవు. ఎన్ని నీళ్లు తాగినావు?”

“లెక్క పెకారమే,” అన్నాడు గోపాలరావు.

“లెక్క పెకారమేనమ్మా, గీత దాటి సుక్క పొయ్యనేదు. నా సేత్తో నానే పోత్తాను,” అంది దమయంతి. ఆమె కళ్లలో అబద్ధం లేదు. “అదిగాక ఇత్తన్నది మంచినీరే. దానికి లెక్క నేదు.”

“ఏం మంచినీరు?” అని సిస్టరు అడిగేలోపల పక్క మంచం నుంచి ఎవరో పిలిచారు. ఆమె అటు వెళ్లింది. సన్యాసిరావు మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. రోజూ మరచెంబు. దేవుడి గూడు కాదు. బావ గొంతుక.

దమయంతిని మందులకు పంపి మంచం పక్కన కూర్చున్నాడు. గోపాలరావు చేతిలోంచి ఎర్రటి గొట్టాలు మిషనులోకి వెళ్తున్నాయి. కాసేపటికి ఊపిరి నిదానించింది.

“అలగ సూడకు బావా. నాకు నవ్వొత్తాది, నవ్వితే సూది కదుల్తాది.”

“నీకు తెలుసు. తెలిసే తాగినావు.”

“మీ నూతినీరు నాకు తెల్దేటి? కొసన ఉప్పు, మొదట కొబ్బరేరు వాసన. పెళ్లయిన కొత్తలో మీ ఇంటికొచ్చినప్పుడల్లా నన్ను కూకోబెట్టింది ఆ నూతి గట్టుమీదే కదా.”

“మరెందుకు తాగినావు?”

గోపాలరావు పైకప్పు వైపు చూశాడు. “దాకం బావా. నీకు తెల్దు. ఆవు కుడితి తాగతంటే ఆవు మీద కుళ్లు పుడతాది. వాన పడితే సూరు కింద నిలబడి నోరు తెరిసీయాలనిపిత్తాది. మీ సెల్లెలు గీత దాటి సుక్క పొయ్యదు. ఈ నీరు బూమి సూడలేదు కాబట్టి కిడ్నీనేటీ సెయ్యదంట, లెక్కలో రాదంట, గలాసుడు గలాసుడు ఎత్తి పోత్తంది. నానెందుకు కాదంతాను?”

“దానికి సెప్పీత్తాను.”

గోపాలరావు ముఖంలో ఆట పోయింది. ఖాళీగా ఉన్న చేత్తో బావ మణికట్టు పట్టుకున్నాడు. “సెప్పకు. నాకు జబ్బని తెలిసిన కాడ్నుంచి అది నా ఊపిర్లు లెక్కెడతా తొంగునేది. నాకు తెల్దనుకునేది. ఈ నీరు దొరికినాకే నిద్దరోతంది. గురక కూడా ఎడతంది బావా. ఆ గురక ఇంటంటే నాకెంత బాగుంతాదో. సెప్పకు. నాను తాగడం మానేత్తాను. అది సూడకండా పారబోత్తాను.”

“నువ్వు? నీరు? పారబోత్తావు?”

ఆ మాట ఇద్దరూ నమ్మలేదు.

ఇంటికొచ్చాక సన్యాసిరావు అన్నం సరిగ్గా తినలేదు. చెప్తే చెల్లెలి నిద్ర పోతుంది. చెప్పకపోతే బావే పోతాడు. తూకం వెయ్యడానికి ఏమీ లేదు. అయినా ఎల్లాజీ మాట వదల్లేదు.

“దేవీ, సెంబు కిటుకు ఎవులికైనా సెప్పీత్తే తప్పంతావా?”

“నాకు సెప్పకండా ఇంకోలికి సెప్తే తప్పే,” అందామె. తరవాత అతని ముఖం చూసి ఏమైందని అడిగింది. చెప్పాడు. అంతా విని ఆమె లేచి, అటక మీంచి చెంబు తానే తీసి, కొంగుతో తుడిచి అతని చేతిలో పెట్టింది. “ఎల్లు. నాకు తరవాత సెబుదువు గాని,” అంది.

దమయంతి పెరట్లో పనసపిక్కలు ఆరబెడుతోంది. గోపాలరావు లోపల నిద్రపోతున్నాడు. అన్న చేతిలో చెంబు చూసి ఆమె గబగబా మరచెంబు కోసం లేవబోయింది.

“కూకో. నీరు తేనేదు. సెంబే తెచ్చినాను.”

ఆమె ముందు గొంతుక్కూర్చుని చెంబు వెలుగుకేసి తిప్పాడు. ఇన్నేళ్లలో ఆ పక్కను ఎవరికీ చూపించలేదు. మెడ కింద, బొటనవేలు ఆనేచోట, ఆవగింజ పట్టేంత కన్నం ఉంది.

“ఇది రెండు పొరల సెంబు. నీరు రెండిట్లోనూ ఉంతాది. ఈ కన్నం మీద ఏలెట్టి మూసీసి ఒలకబోత్తే లోపల నీరే పోద్ది, బయట పొరలోది ఆగిపోద్ది. కింద ఎట్టి ఏలు తీత్తే గాలి దూరి, ఆ నీరు అడుగునున్న సందులోంచి లోపలికి దిగుద్ది. అంతే సెల్లీ. గంగమ్మా నేదు, గింగమ్మా నేదు. నీకు పోసింది మా నూతినీరు.”

దమయంతి తడి లేని చేతిని చీరకి తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

“అయితే ఆ కాళ్లు పొంగింది నా సేతి నీటితోనా?”

“కాదు. నా నోటి మాటతో. సంబరంలో నాను కూసిన కూతతో.”

ఆమె ఒక పనసపిక్క తీసి అన్న నెత్తి మీద కొట్టింది. తమాషాకి కాదు, గట్టిగానే. ఇంకోటి తీసి మళ్లీ కొట్టింది. సన్యాసిరావు తల పక్కకి తీసుకోలేదు. మూడోది చేతిలోకి తీసుకుని ఆగిపోయింది.

“మీ బావకి తెల్సా?”

సన్యాసిరావు చెంబు వైపు చూశాడు.

“తెల్సే ఉంతాది. పప్పు బద్ద నోట్లో ఎట్టుకుని తోట పేరు సెప్పీసే మనిసికి మన నూతినీరు తెల్దా?” ఆమె లోపలి గది వైపు తిరిగింది. “నా కాడే దొంగనీరు తాగినాడన్నమాట. నాను గంగమ్మకి దండాలెట్టుకుంతంటే గలాసు ఎనకాల నవ్వుకున్నాడన్నమాట.”

“నవ్వనేదే. నువ్వు నిద్దరోతన్నావని సంబరపడ్డాడు. గురకెడతన్నావంట.”

“నానా? గురకా?” అని ఆమె పిక్క ఎత్తింది. ఆ చెయ్యి అలాగే దించుకుని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. సన్యాసిరావు పిక్కలు ఒక్కొక్కటే తిరగేస్తూ కూర్చున్నాడు. అతనికి అంతకంటే ఏమీ చేతకాదు.

తరవాత దమయంతి లేచి చెంబు తీసుకుని, నీళ్లు నింపి, వేలు పెట్టి వంచింది. వేలు జారి కాళ్లమీద పడ్డాయి. మళ్లీ వంచింది. ఈసారి ఆగాయి. కింద పెట్టి వేలు తీసి లోపలికి తొంగి చూసింది. అడుగున తడిగా ఉన్నచోట నీరు ఊరి, మెల్లగా పైకి వస్తోంది.

“ఓలమ్మా, ఇంతేనా!” అంది.

కానీ తల ఎత్తలేదు. నీరు ఆగేదాకా అలాగే వంగి చూసింది. ఒలకబోసి మళ్లీ చేసింది, మళ్లీ వంగి చూసింది. తెలిశాక కూడా ఎవరైనా అలా చూస్తారని ఎల్లాజీ చెప్పలేదు.

“ఈ సెంబు నాకాడ ఒగ్గీ అన్నియ్యా.”

“నీకేటికి?”

“నన్ను ఆడించినోడ్ని నానూ ఆడించాల కదా.”

“ఎవులికీ సెప్పకు మరి.”

“నువ్వు సెప్పీసి, నన్ను సెప్పొద్దంతావేటి!”

సన్యాసిరావు చెంబు వదిలి వచ్చాడు. తరవాత నందిగాంలో ఒక పెళ్లికి వెళ్తే జనం చెంబేదని అడిగారు. సొట్టపడిందని చెప్పి గుడ్డుతో సరిపెట్టాడు.

కొన్ని రోజులు పోయాక, మధ్యాహ్నంపూట చెల్లెలింటికి వెళ్లాడు. గోపాలరావు అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కాళ్లు కాళ్లలా ఉన్నాయి. బరువు చూసి సిస్టరు తిట్టడం మానేసిందట, ఇప్పుడు పెళ్లాం సుఖపడనివ్వడం లేదట.

“సూడు బావా మీ సెల్లెలి దౌర్జన్యం. దొంగనీరు తాగినావని తగూకొచ్చింది. తగూ అయిపోనాక ఏటి సేసిందో తెల్సా? పొద్దున్నే గీత దాకా కొలిసి, ఆ నీరంతా నీ సెంబులో పోసేసింది. ఇంక అదెప్పుడిత్తే అప్పుడే.”

దమయంతి చిన్న గ్లాసు, చెంబు తెచ్చి అరుగు మీద కూర్చుంది. గొంతు సవరించుకుంది.

“ఇది నుయ్యి సూసిన నీరే. కుళాయి సూసిన నీరే. సీసా మీద గీత కూడా సూసిన నీరు!” అని చెంబు వంచింది. ఒక గుక్క పడింది. గోపాలరావు దాన్ని నోట్లో ఆపుకుని, అటూ ఇటూ తిప్పి, కళ్లు మూసుకుని మింగాడు.

“ఇంకో గుక్క.”

“నేదు.” చెంబు వంచి చూపించింది. కింద పెట్టి, దాని సంగతే మరిచిపోయినట్టు అన్నని దేవి గురించి అడిగింది, జీడిపూత గురించి అడిగింది. గోపాలరావు చెంబు మీంచి కన్ను తియ్యలేదు. దాన్ని చుట్టి చూశాడు. తల వంచి అరుగు మట్టానికి చూశాడు. మాటల మధ్యలో దమయంతి చెంబు ఎత్తి వంచితే ఇంకో గుక్క పడింది.

“అదిగో! ఇప్పుడు సేసింది! ఇప్పుడే ఏటో సేసింది!” అని అరుగు మీద చరిచాడు. గ్లాసు ఎత్తడం కూడా మరిచిపోయాడు. దమయంతే గుర్తు చేసింది. తాగి, బావ వైపు తిరిగాడు.

“దానికి సెప్పీసినావు. నాకు సెప్పవా? నానేం పాపం సేసినాను?”

సన్యాసిరావు తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు. “సెప్పీత్తాను. ఇప్పుడే సెప్పీత్తాను. దగ్గరికి రా.”

గోపాలరావు జరిగాడు. నోరు తెరిచాడు. చెంబు వైపు చూశాడు, పెళ్లాం వైపు చూశాడు. మళ్లీ వెనక్కి జరిగి గోడకి చేరబడ్డాడు.

“వొద్దులే.”

“అదేటి?”

“సెప్పీత్తే మరి సాయంత్రందాకా నానేటి సూడాల?”

దమయంతి చప్పుడు లేకుండా నవ్వింది. “అయినా అయిపోనాది. ఈ పూటకింక సుక్క నేదు. కావాలంటే సూసుకో,” అని చెంబు పూర్తిగా బోర్లించింది.

గోపాలరావు కిందికి వంగి, చెంబు నోట్లోకి చూస్తూ తన నోరు కాస్త తెరిచి ఉంచాడు, పొరపాటున ఏమైనా పడుతుందేమోనని. ఏమీ పడలేదు. చెల్లెలి బొటనవేలు ఎక్కడుందో సన్యాసిరావుకి కనిపిస్తోంది. తన ముఖం చూసి బావ ఎక్కడ కనిపెట్టేస్తాడోనని వీధిలో పోతున్న మేకల వైపు తిరిగి కూర్చున్నాడు.